లాంగ్ రైఫిల్‌కు ఏ ఆకృతి? లాంకాస్టర్, లీహై, దక్షిణాది కొండ తుపాకుల మధ్య ఎంపిక

బల్ల మీద పులిచారల మేపుల్ పలక ఉంది. రెండున్నర అంగుళాల మందం, అయిదు అడుగులకు పైగా పొడవు. గొట్టం వచ్చింది, మందును రాజేసే చెకుముకి లాకు వచ్చింది, ట్రిగ్గర్ వచ్చింది. పెన్సిలు చేతిలో పట్టుకుని వారం గడిచినా పలక మీద మొదటి గీత పడలేదు. అమెరికన్ లాంగ్ రైఫిల్ సొంతంగా చేసుకోవాలని దిగినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. గొట్టం పొడవెంత, గుండు సైజెంత అన్నవి దుకాణాల జాబితా చూసి తేల్చుకోవచ్చు. పక్కనుంచి చూసినప్పుడు చెక్క ఏ గీతలో సాగాలన్నది మాత్రం ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. రంపం ఆడిన తర్వాత దిద్దుకోవడానికి చోటు ఉండదు.

ఈ తుపాకీ పుట్టింది పెన్సిల్వేనియాలో, 18వ శతాబ్దంలో. జర్మన్ ప్రాంతాల నుంచి వలస వచ్చిన కమ్మరులు, తుపాకీ పనివాళ్లు తమతో యేగర్ అనే పొట్టి, లావు వేట తుపాకీ పద్ధతిని తెచ్చారు. అమెరికా అడవుల్లో సీసం, తుపాకీ మందు రెండూ పొదుపుగా వాడాలి. అందుకని గుండు చిన్నదైంది, గొట్టం 42 నుంచి 46 అంగుళాల దాకా సాగింది, చెక్క సన్నబడింది. పైగా ఏ కౌంటీ పనివాళ్లు ఆ కౌంటీ గీత పట్టుకున్నారు. గురువు గీసిన అచ్చునే శిష్యుడు గీశాడు. అందుకే ఈ తుపాకులు బాగా తెలిసినవాళ్లు చెక్కడం పని, ఇత్తడి బిళ్లలు చూడకముందే గది అవతలి నుంచి నీడ చూసి ఊరు చెప్పేస్తారు.

## గీత గీసే ముందు

ముందుగా ఒక చిక్కు విప్పుకుందాం. చూడ్డానికి అయిదు అడుగుల చెక్క అంతా మీ ఇష్టమే అనిపిస్తుంది. నిజానికి ముందు భాగాన్ని గొట్టమే నిర్ణయిస్తుంది. గొట్టం అడుగు గీత, దాని కింద సుమారు 1/8 అంగుళం చెక్క గోడ, ఆ కింద గుండు దట్టించే కడ్డీకి 3/8 అంగుళం రంధ్రం, దాన్ని పట్టి ఉంచే పలుచని చెక్క. అంతే. మీ చేతిలో ఉన్నది లాకు వెనకాల ఉండే చివరి పదహారు అంగుళాలు మాత్రమే. ఊళ్ల మధ్య తేడా అంతా అక్కడే ఉంది.

పేర్లు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లాకు వెనక చెయ్యి చుట్టి పట్టుకునే సన్నని భాగాన్ని తుపాకీ పనివాళ్లు మణికట్టు అంటారు. నాకు మెడ అనడం సులువు. భుజానికి ఆనేది బట్. దాని పై మూల మడమ, కింది మూల వేలు. చెంప ఆనే గీతను పై అంచు అని, వేలు నుంచి ట్రిగ్గర్ వైపు వచ్చే గీతను కింది అంచు అని పిలుస్తాను.

ఆకృతి ఎంచుకునేటప్పుడు చూడాల్సినవాటిలో అందం ఆఖరిది.

మొదటిది దిగుడు. గొట్టం గీతతో పోలిస్తే మడమ ఎంత కిందికి ఉందన్నదే దిగుడు. తుపాకీ వెనక్కి తన్నేటప్పుడు తోపు గొట్టం గీతలో వస్తుంది. దాన్ని ఆపే భుజం ఆ గీతకు కింద ఉంటుంది. ఈ రెంటికీ ఎడం పెరిగిన కొద్దీ గొట్టం మూతి పైకి ఎగురుతుంది. అంతేకాదు, పై అంచు వెనక్కి బాగా వాలి ఉంటే, తుపాకీ వెనక్కి జరిగినప్పుడు ఎత్తుగా ఉన్న ముందు భాగం చెంప కిందికి దూసుకొస్తుంది. పది గుళ్లు పేల్చేసరికి దవడ ఎముకకు సంగతి తెలుస్తుంది. అలాగని దిగుడు పాపమేమీ కాదు. మెడ పొడుగ్గా, భుజాలు జారుగా ఉన్నవాళ్లకు దిగుడు ఉంటేనే తల నిటారుగా ఉంచి గురి చూడటం కుదురుతుంది.

రెండోది బట్ ప్లేటు, అంటే బట్ చివర భుజానికి ఆనే లోహపు బిళ్ల. వెడల్పుగా, చదునుగా ఉంటే తన్ను భుజమంతా పంచుకుంటుంది. సన్నగా, నెలవంకలా లోతుగా ఉంటే ఆ రెండు కొనలు గుచ్చుకుంటాయి. నెలవంక ప్లేటును భుజం గుంటలో పెట్టుకోకూడదు. భుజం దాటి, చేతి పై భాగంలో ఆనించి, పక్కకు తిరిగి నిలబడి కాల్చాలి. ఈ సంగతి తెలియక ఆ తుపాకులను తిట్టుకునేవాళ్లు చాలామంది.

మూడోది చెక్క నార. మెడ దగ్గర నార మెడ వెంబడే సాగాలి. దిగుడు ఎక్కువున్న ఆకృతిని నిటారు నార ఉన్న పలక మీద గీస్తే నార మెడకు అడ్డంగా తెగిపోతుంది. పాత తుపాకుల్లో ఎక్కువగా విరిగి, ఇత్తడి రేకు చుట్టి బాగు చేసినవి ఈ మెడ దగ్గరే. పలక నారలోనే వంపు ఉంటే అది వరం. ఆ వంపు మీద పెట్టి గీయండి. పులిచారలు ఎక్కడ బాగా మెరుస్తున్నాయో చూసి పలక కొనేవాళ్లు మెడ దగ్గర నార ఎటు పోతుందో చూడరు. నేనూ మొదటిసారి చూడలేదు. బట్‌లో చారలు నెమలిపింఛంలా ఉన్నాయని మురిసిపోయి కొన్నాను. మెడను సన్నం చేస్తుంటే నార పక్కకు జారిపోవడం కనిపించింది. ఆ పలక ఇప్పుడు గోడకు అలంకారం.

నాలుగోది మీ చెయ్యి. తిన్నని గీతలో తప్పు వస్తే చువ్వ ఆనించి చూసి దిద్దుకోవచ్చు. వంపులో తప్పు వస్తే పట్టుకునేది కన్ను ఒక్కటే.

## తొలినాటి వెడల్పు బట్

1760ల నుంచి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం దాకా ఉన్న ఆకృతి ఇది. యేగర్ తాలూకు లావు ఇంకా పూర్తిగా పోలేదు. బట్ ప్లేటు సుమారు రెండు అంగుళాల వెడల్పు, దాదాపు చదును. బట్‌కు పక్కన ఇత్తడి తలుపు బదులు జారుడు చెక్క మూత ఉన్న పెట్టె; గుండు చుట్టే గుడ్డ, కొవ్వు దాచుకునేది ఇందులోనే. పెన్సిల్వేనియాలోని నజరెత్ దగ్గర మొరావియన్ క్రైస్తవులు నడిపిన క్రిస్టియన్స్ స్ప్రింగ్ కార్ఖానా ఈ కాలానిదే. అక్కడ పనిచేసిన ఆండ్రియాస్ ఆల్‌బ్రెక్ట్, క్రిస్టియన్ ఓర్టర్ పేర్లు ఈ రంగంలో అందరికీ తెలుసు. ఆ కార్ఖానా తుపాకుల్లో మెడ నుంచి బట్ మొదలయ్యేచోట కింది అంచులో చిన్న మెట్టు కనిపిస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మెట్టు ఎక్కడ మొదలవ్వాలో తేల్చడం మాత్రం కష్టం.

ఒంటికి ఇంత హాయిగా ఉండే ఆకృతి మరొకటి లేదు. .54 గుండుకు (అంటే అంగుళంలో 0.54 వంతు సైజు), వేటకు, బరువైన మందుకు ఇదే సరి. ఇబ్బంది ఏమిటంటే బరువు. వెడల్పు బట్, లావు గొట్టం కలిసి తొమ్మిది పౌన్లు సులువుగా దాటుతాయి. అదనపు చెక్క ఉండటం వల్ల కొత్తవాళ్లకు ఒక భ్రమ కూడా కలుగుతుంది. తొలినాటి తుపాకీ అంటే లావుగా ఉండాలి కదా అని చెక్కడం మధ్యలో ఆపేస్తారు. బట్ వెడల్పు నిజమే, కానీ గొట్టం పక్కల, లాకు చుట్టూ ఆ పనివాళ్లు చెక్కను అప్పటికే పలుచగా తీశారు.

## లాంకాస్టర్

ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది పెన్సిల్వేనియాలోని ఈ ఊరి పేరే. జేకబ్ డికర్ట్ (1740–1822) లాంటివాళ్లు దశాబ్దాల పాటు ఇక్కడ తుపాకులు చేశారు. పై అంచు తిన్నగా, కింది అంచు తిన్నగా. పక్కనుంచి చూస్తే బట్ ఒక పొడవాటి త్రికోణం. పెట్టె మూత చివర డెయిజీ పువ్వు ఉన్న నాలుగు ముక్కల ఇత్తడి పెట్టె దీనికి గుర్తు.

తిన్నగా ఉందని తేలిగ్గా తీసుకోకండి. రెండు సరళ రేఖల మధ్య కోణం అర అంగుళం అటూ ఇటూ అయితే చూపు మారిపోతుంది. కోణం ఎక్కువైతే బట్ పారలా అవుతుంది, తక్కువైతే గదలా. కానీ ఈ రెండు గీతలనూ కొలిచి, పేపరు మీద వేసి, పలక మీదకు దించవచ్చు. అందుకే కొత్త చేతికి ఇది అనుకూలం. దిగుడు మధ్యస్థంగా ఉంటుంది కాబట్టి నిటారు నార ఉన్న పలక కూడా సరిపోతుంది. తన్ను దాదాపు తిన్నగా వెనక్కి వస్తుంది.

లాంకాస్టర్ ఎంచుకున్నవాళ్లు మరో నిర్ణయం తీసుకోవాలి: ఏ దశకం? 1770ల బట్ వెడల్పుగా, ప్లేటు కొద్ది వంపుతో దాదాపు చదునుగా ఉంటుంది. 1800 తర్వాతది సన్నబడి, ప్లేటు లోపలికి వంగుతుంది. 1770ల లాంకాస్టర్ తీసుకుంటే తొలినాటి ఆకృతి హాయి చాలావరకు దక్కుతుంది, పనిలో సరళతా దక్కుతుంది. నా ఓటు దానికే.

లోటు? కొంతమందికి ఇది చప్పగా కనిపిస్తుంది. బట్ పక్క తలం పెద్దది, ఖాళీగా ఉంటుంది. చెక్కడం పని రానివాళ్లకు ఆ ఖాళీ బోసిగా తోస్తుంది.

## లీహై

పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్, బెత్లెహేమ్ పరిసరాల ఆకృతి. మోల్ కుటుంబం, హెర్మన్ రూప్ పేర్లు ఇక్కడివి. పై అంచు తిన్నగా ఉండదు. మధ్యలో ఉబ్బి వెనక్కి దిగుతుంది. రోమన్ ముక్కు అంటారు దీన్ని. పక్కనే ఉన్న బెర్క్స్ కౌంటీలో కూడా ఈ ముక్కు కనిపిస్తుంది. లాకు నుంచి మడమ దాకా ఒకటే ఊపిరిలో లాగిన గీతలా ఉంటుంది. మంచి లీహై తుపాకీని చేతిలోకి తీసుకున్నవాళ్లు దాన్ని తిరిగి బల్ల మీద పెట్టడానికి కాస్త సమయం తీసుకుంటారు. నాకు తెలిసి ఈ తుపాకులన్నిటిలో ఇంతకంటే అందమైన గీత లేదు.

అందుకే మొదటి తుపాకీగా దీన్ని ఎంచుకోవద్దంటాను. ఉబ్బు ఎక్కడ శిఖరం చేరుతుంది, ఎక్కడ దిగడం మొదలవుతుంది అన్నది కొలతలకు లొంగదు. పావు అంగుళం ముందుకు జరిగితే గూని, వెనక్కి జరిగితే అరటిపండు. పటం చూసి గీసినా, మెడ గుండ్రన చేసేటప్పుడు, బట్ పక్కలు చెక్కేటప్పుడు గీత మళ్లీ మారుతుంది. దిగుడు కూడా ఎక్కువ. వంపు నార ఉన్న పలక దొరకకపోతే మెడ బలహీనమవుతుంది.

కాల్చేటప్పుడు మాత్రం దీనికి అనుకోని సుగుణం ఉంది. ఉబ్బిన అంచు చెంపకు నిండుగా ఆనుతుంది. చిన్న గుండు, తేలిక మందుతో నిలబడి గురి చూసేవాళ్లు, ముఖ్యంగా మెడ పొడుగున్నవాళ్లు, దీన్ని వదలరు. చెక్కడం తక్కువ, అదీ లోతు లేని గీతల పనే. అంటే ఇక్కడ తప్పు కప్పుకోవడానికి నగలు దొరకవు. ఉన్నది గీత ఒక్కటే.

## బెడ్‌ఫర్డ్, ఒక్క మాటలో

పెన్సిల్వేనియా కొండల మధ్య ఉన్న బెడ్‌ఫర్డ్ కౌంటీది 19వ శతాబ్దపు ఆకృతి. కొరడాలా సన్నం. లాకు కూడా వేరే, పొడవుగా, సన్నగా ఉంటుంది. మామూలు లాకు కొని బెడ్‌ఫర్డ్ చెక్కలో పెడితే చీర మీద కోటు తొడిగినట్టు ఉంటుంది. రెండు తుపాకులు చేశాక ఆలోచించండి.

## దక్షిణాది కొండ తుపాకీ

తూర్పు టెనెసీ, పశ్చిమ ఉత్తర కరోలినా కొండల్లో ఇత్తడి కొనుక్కోవడం కష్టం. ఇనుము మాత్రం ఊరి కమ్మరి కొలిమిలోనే ఉంది. బట్ ప్లేటు, ట్రిగ్గర్ గార్డు అన్నీ ఇనుమే. పక్కన పెట్టె కూడా లేకుండా, గుండు చుట్టే గుడ్డకు రాసే కొవ్వు కోసం బట్‌లో ఒక గుంట తవ్వి వదిలేసిన తుపాకులు చాలా ఉన్నాయి. టెనెసీలో బీన్ కుటుంబం తుపాకులు ఈ రకానికి పేరుపడ్డాయి. చెక్క మేపుల్ కావచ్చు, వాల్‌నట్ కావచ్చు.

చెక్కడాలు లేవు, పెట్టె లేదు, కాబట్టి కొత్తవాళ్లకు ఇదే సులువని చాలామంది చెబుతారు. సగం నిజం. చెక్కడం తప్పుతుంది సరే, కానీ చెక్క అంతా అంత సన్నంగా తీయాలంటే చెయ్యి వణకకూడదు. ఇనుము ఆకురాయికి ఇత్తడంత తొందరగా లొంగదు. బట్ సన్నం, ప్లేటు నెలవంక. .54 గుండుతో దీన్ని భుజం గుంటలో పెట్టి కాలిస్తే మర్నాడు చెయ్యి ఎత్తలేరు. .40, .45 గుళ్లకు చక్కగా సరిపోతుంది.

ఒక మేలు మాత్రం చెప్పి తీరాలి. గొట్టం వెనక తోక లాంటి ఇనుప పట్టీ మెడ మీదుగా చాలా దూరం సాగుతుంది. మెడ సన్నమైనా దానికి ఆసరా దొరుకుతుంది. నార సరిగా లేని పలక ఇప్పటికే కొనేసినవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

## హాకెన్ సంగతేమిటి

ఇది లాంగ్ రైఫిల్ కాదు. అయినా అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ సోదరులు పడమటి కొండల వేటగాళ్ల కోసం చేసిన బరువైన తుపాకీ. చెక్క సగం దాకానే ఉంటుంది. మెడకు పైనా కిందా పొడవాటి ఇనుప పట్టీలు, వాటిని కలిపే మరలు. గుర్రం మీద నుంచి పడినా మెడ విరగకూడదన్న ఆలోచన. అది కావాలనుకుంటే నేరుగా అదే చేయండి. లాంగ్ రైఫిల్ గొట్టానికి హాకెన్ బట్ తగిలించకండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| ఆకృతి | పై అంచు | బట్ ప్లేటు | తన్ను | మెడకు కావాల్సిన నార | చేతికి కష్టం |
|---|---|---|---|---|---|
| తొలినాటిది | దాదాపు తిన్నగా | వెడల్పు, చదును | అన్నిటికంటే హాయి | నిటారు నార చాలు | మధ్యస్థం |
| లాంకాస్టర్, 1770లు | తిన్నగా | వెడల్పు, కొద్ది వంపు | హాయి | నిటారు నార చాలు | తక్కువ |
| లాంకాస్టర్, 1800 తర్వాత | తిన్నగా | సన్నం, వంపు | పర్వాలేదు | నిటారు నార చాలు | తక్కువ |
| లీహై | ఉబ్బు | సన్నం, వంపు | తేలిక మందుకు మంచిది | వంపు నార ఉంటే మేలు | చాలా ఎక్కువ |
| బెడ్‌ఫర్డ్ | సన్నని వంపు | బాగా సన్నం | చిన్న గుండుకే | వంపు నార | ఎక్కువ |
| దక్షిణాది కొండ | దిగుడు ఎక్కువ | సన్నం, నెలవంక | చిన్న గుండుకే | పట్టీ ఆసరా ఉంది | మధ్యస్థం, ఇనుము వల్ల |

పట్టిక చూసి తేల్చేయకండి. ఒకే ఊళ్లో ఇద్దరు పనివాళ్ల తుపాకులు కూడా ఒకలా ఉండవు.

## మీ ఒంటికి ఏది

ట్రిగ్గర్ నుంచి బట్ ప్లేటు దాకా దూరం చాలా పటాల్లో పదమూడున్నర అంగుళాల పైన ఉంటుంది. అయిదున్నర అడుగుల మనిషికి పదమూడు అంగుళాల దగ్గర సరిపోతుంది. పటాన్ని అలాగే దించుకోకుండా బట్ పొడవు తగ్గించండి. అలాగని అర అంగుళం బట్ చివర కోసేస్తే చాలదు. త్రికోణం కొలతలు మారతాయి కాబట్టి మడమ, వేలు మళ్లీ గీయాలి. పొడవు మరో రకంగా కూడా ఇబ్బంది పెడుతుంది. 46 అంగుళాల గొట్టం పెడితే మొత్తం తుపాకీ 60 అంగుళాలు దాటుతుంది. నేల మీద నిలబెట్టి మూతి నుంచి గుండు దట్టించాలంటే చెయ్యి తల మీదికి లేస్తుంది. పొట్టివాళ్లు 42 అంగుళాలతో ఆగడం మంచిది.

పొట్టి మెడ, చదరపు భుజాలు ఉన్నవాళ్లు లీహై, కొండ తుపాకీ రెంటినీ పక్కన పెట్టవచ్చు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు కూడా తిన్నని పై అంచే మేలు. తల ముందుకు వంచితే అద్దం అంచు అడ్డొస్తుంది. ఎడమచేతి వాటం వాళ్లు లాకు కొనేటప్పుడే ఎడమవైపుది అడగాలి. బట్ కొద్దిగా పక్కకు ఒరిగి ఉండే వంపు కూడా వాళ్లకు అటువైపు తిరగాలి. సగం చెక్కి వచ్చే స్టాకులు (తుపాకీ చెక్కలు) ఎక్కువగా కుడిచేతి వాళ్లకే.

సగం చెక్కిన స్టాకుల మాట వచ్చింది కాబట్టి: అవి కొంటే ఆకృతి ఎంపిక కూడా కొనేసినట్టే. గొట్టం గాడి, కడ్డీ రంధ్రం తయారుగా వస్తాయి. నెలల పని మిగులుతుంది. కానీ దిగుడు మార్చలేరు. ఒహాయోలోని కిబ్లర్ సంస్థ కంప్యూటర్ యంత్రంతో చేసే కిట్లలో గీత చాలా శుభ్రంగా వస్తుంది. కొండ తుపాకీ, కలోనియల్ అనే తొలినాటి ఆకృతి, వుడ్స్‌రన్నర్ అనే మరో రకం దొరుకుతాయి. ఒకటి ఆ పద్ధతిలో పూర్తిచేసి, గీత ఎలా ఉండాలో వేళ్లకు అలవాటయ్యాక, రెండోది ఖాళీ పలక నుంచి చేసేవాళ్లున్నారు. తెలివైన దారే.

చట్టం గురించి ఒక్క మాట. అమెరికాలో 1968 నాటి కేంద్ర తుపాకీ చట్టం మూతి నుంచి మందు కూరే ఇలాంటి తుపాకులను పురాతన ఆయుధాల కింద లెక్కగడుతుంది. రాష్ట్రాల నియమాలు మాత్రం వేరువేరు. మీరుండే రాష్ట్రంలో ఏమున్నదో పలక కొనకముందే చూసుకోండి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా దీని జోలికి పోకూడదు. మన ఏజెన్సీ ప్రాంతాల నాటు తుపాకీ అయినా అంతే.

## పలక ముట్టుకునే ముందు

ఒకే ఒక పాత తుపాకీని ఎంచుకోండి. దాని పూర్తి పక్క ఫొటో, కొలతలు సంపాదించండి. ఒకదాని మెడ, ఇంకోదాని ముక్కు, మూడోదాని ప్లేటు కలిపితే ఏ ఊరిదీ కాని తుపాకీ వస్తుంది. కుదిరితే అసలువాటిని చూడండి. నజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ మ్యూజియం ఉంది. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ వైపు ఉన్న మనవాళ్లకు ఒక్కరోజు ప్రయాణం. అక్కడ అద్దం అవతల ఉన్న తుపాకులను ఎదురుగా కాకుండా పక్కనుంచి, ఆ తర్వాత పైనుంచి చూడండి. ఎంత సన్నగా ఉన్నాయో ఫొటోలు చెప్పవు.

తర్వాత ముప్పావు అంగుళం ప్లైవుడ్ మీద ఆ గీతను దించి, కోసి, పైన గొట్టం బదులు చెక్క పట్టీ బిగించండి. గురి చూసేచోట చిన్న మేకు కొట్టండి. కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి, చెంప ఆనించండి, కళ్లు తెరవండి. మేకు తల కంటికి తిన్నగా కనిపిస్తే ఆ ఆకృతి మీది. కనబడటానికి మెడ సాచాల్సి వచ్చినా, దించాల్సి వచ్చినా పై అంచును పావు అంగుళం కోసి లేదా అంటించి మళ్లీ ఎత్తండి. రెండు మూడు ప్లైవుడ్ ముక్కలు పోతాయి. అవి పోయాకే మేపుల్ పలక మీద పెన్సిలు పెట్టండి.